దూరదేశపు బెంగ – తెరమీది కథ

మా డోను పట్టణమును పూర్వము ద్రోణాచలమని పిలిచెడివారు. ఇప్పటికిని ఈ యూరికి పేరు తెచ్చుచున్నది రైలుకూడలియే. గుంతకల్లునుండి వచ్చు దారి యిచ్చట రెండుగా చీలి, ఒకటి కర్నూలు మీదుగా సికిందరాబాదునకును, మఱియొకటి నంద్యాల మీదుగా గుంటూరునకును పోవును. సంక్రాంతి దాటినదనిన చాలును, మా పడమటి పల్లెలనుండి కూలిజనము మూటలతోను, వంటపాత్రలతోను, చంటిబిడ్డలతోను గుంటూరు సీమకు మిరపకోతలకై తరలిపోవుదురు. ఇండ్లకు తాళములును, అరుగులమీద ముసలివారును మిగులుదురు. కడప సీమనుండి స్త్రీలు ఇంటిపనులకై కువైత్తునకు పోవుటయు చిరకాలముగా నున్నదే. చదువుకొన్న బిడ్డలు బెంగుళూరికి, హైదరాబాదునకు, అమెరికాకు పోవుచున్నారు. వాన కఱవైన నేలమీద పుట్టినవారికి పయనము క్రొత్త గాదు. పోయినవారు పంపు సొమ్మును గూర్చి మనము పైసలతో సహా లెక్క కట్టుదుము. పోయినవారి మనస్సును గూర్చి అడుగుట మాత్రము మన యిండ్లలో అలవాటు లేదు.

మా వీథిలో ఒక యిల్లాలు కలదు. పేరు చెప్పుట న్యాయము కాదు. ఆమె నాలుగేండ్లు కువైత్తులో ఒకరి యింట పనిచేసి, ఆ సొమ్ముతో ఇక్కడ ఇల్లు కట్టించి, కూతురిని చదివించుకొని, తిరిగి వచ్చినది. వచ్చిన నాటినుండియు మాట తగ్గినది. నడిరేయి లేచి గడపలో కూర్చుండును. ఒంట్లో మంటలనును, తల బరువనును. ఇంటివారు మొదట వేడి చేసినదని సబ్జాగింజల నీళ్ళు త్రాగించిరి. పిమ్మట గాలి సోకినదని తాయెత్తు కట్టించిరి. అదియు పనిచేయకపోగా, "దీనికేమి లోటు? మిద్దె కట్టినది, తిని కూర్చున్నది" అని విసుగుకొనసాగిరి. ఇరుగుపొరుగువారమైన మేమును తక్కువ తినలేదు. అది సొమ్ము తెచ్చిన గర్వమని మాలో మేము అనుకొంటిమి. ఈ తప్పును ఇచ్చట ఒప్పుకొనక తీరదు.

ఒకనాటి రాత్రి ఎనిమిదిగంటల వేళ మా చావడిలో అయిదారుగురము కూడి సీరియలు చూచుచుంటిమి. అందులోని కోడలు బిడ్డను కన్నపిమ్మట నిద్ర లేక, ఏడ్పు ఆగక, బిడ్డను చేతికెత్తుకొనుటకే జంకుచున్నది. అత్తగారు దిష్టి తీయించుచున్నది. మాలో నొకతె, "దీనికి మనసులో ఏందో ఉండాది. చెప్పుకోనీకి మనిషి లేదు" అనెను. మూలన కూర్చున్న ఆ యిల్లాలు తెరనుండి చూపు మరల్చకయే, "నాకుగూడ అట్లనే అయితాందక్కా" అనెను. నాలుగునెలలలో ఆమె నోట మేము వినిన మొదటి పెద్దమాట అదియే.

సోదరీమణులారా, ఆ వీథిలో చదువుకొన్న వారమున్నాము, బంధువులున్నారు, పెద్దలున్నారు. మాలో ఎవ్వరును రప్పింపలేని మాటను ఒక తెరబొమ్మ ఎట్లు రప్పించినది? ఈ ప్రశ్న మమ్ము చాల దినములు వదలలేదు. దానిని పట్టుకొని కొంత చదివితిమి, కొంత విచారించితిమి.

మొదట మన మాటల సంగతి చూడుడు. దేహమునకు జబ్బు చేసిన చెప్పుకొనుటకు మనకు వేయి మాటలు కలవు. మనస్సునకు జబ్బు చేసిన 'పిచ్చి' యను నొక్క మాటయే ముందుకు వచ్చును. ఆ మాట ఇంటిమీద పడినచో ఆడపిల్లల సంబంధములు తప్పిపోవునని భయము. అందుచేత మన స్త్రీలు మనోవ్యథను దేహభాషలో చెప్పుకొందురు: గుండె దడ, కాళ్ళ మంట, మెడ లాగుట, ఆకలి చచ్చిపోవుట. నిజమునకు మన భాషలో 'బెంగ' యను చక్కని మాట యొకటి కలదు. తల్లికి దూరమైన దూడకు బెంగ, పుట్టిల్లు విడిచిన పిల్లకు బెంగ. ఆ మాటలో అవమానము లేదు. బెంగ పెట్టుకొన్నదనిన ఎవ్వరును నవ్వరు. బెంగ నెలలు గడచినను తీరక, నిద్రను, ఆకలిని, బ్రతుకుమీది ఆశను తినివేయ మొదలిడినప్పుడు, వైద్యులు దానిని కుంగుబాటు వ్యాధి యందురు. అచ్చటికి వచ్చుసరికి మన నోళ్ళు మూతపడును.

ఇక తెరమీది కథ చేయు సహాయ మేమనగా, అది బాధకు మఱియొకరి పేరు తగిలించును. "నాకిట్లున్నది" అని చెప్పుట కష్టము. "ఆ పిల్లకట్లున్నది చూచితివా" అనుట సులభము. ఆ పిల్లను గూర్చి పదిమాటలాడిన పిమ్మట పదునొకండవ మాట తన్ను గూర్చియే వచ్చును. పూర్వము మన అవ్వలు హరికథలోని చంద్రమతిని గూర్చి కన్నీరు పెట్టునప్పుడు అందులో కొంత తమ కన్నీరును కలిసియే యుండెను. మన సీమకు ఇది క్రొత్త విద్య కాదు. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున పుట్టిన నాటకకుటుంబము ఆడువారిచేతనే ఆడువేషములు కట్టించి ఊరూర తిరిగినది. మా పొరుగున బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు విషాదాంత నాటకమును తెలుగు రంగస్థలమునకు తెచ్చిరి. ఏడ్చుటకు చోటు చూపుటయు నాటకము పనులలో నొకటి.

దీనినొక పద్ధతిగా మలచినవాడు మెక్సికో దేశపు మిగెల్ సబీదో. ఆయన 1975లో పెద్దవారి చదువును గూర్చియు, 1977లో కుటుంబనియంత్రణమును గూర్చియు దూరదర్శన కథలు నడపెను. కథలో మేలుదారిని నడచువాడొకడు, కీడుదారిని పోవువాడొకడు, ఈ యిద్దఱి నడుమ తడబడుచు, పడుచు లేచుచు, మెల్లగా దారికి వచ్చువాడొకడు ఉండవలెనని ఆయన నియమము. చూచువారు తమ్ము చూచుకొనునది ఆ మూడవవానియందే. ఆ పద్ధతినే మనవారు తెచ్చి 1984 జూలైలో దూరదర్శనమున 'హమ్ లోగ్' అను హిందీ కథను ఆరంభించిరి. మనోహర శ్యామ జోషి దాని రచయిత. 1985 డిసెంబరు వరకు 156 భాగములు వచ్చినవి. ప్రతిభాగము తుదను వృద్ధనటుడు అశోక్ కుమార్ తెరమీదికి వచ్చి, ఇంటి పెద్దవలె, నేటి కథలో ఎవరు చేసినది మంచిది, మీరైన ఏమి చేయుదురని అడిగెడివాడు. చూచినవారు వ్రాసిన ఉత్తరములు నాలుగులక్షలు దాటినవని చెప్పుదురు.

అయితే ఆ కథవలన ఒక వింత జరిగినది, దానిని మఱవరాదు. అందలి భగవంతి యను తల్లి అన్నిటికిని ఓర్చుకొనునది, తిట్లు పడునది, తన బాధ ఎవరికిని చెప్పనిది. ఇట్లుండరాదని చూపుటకే రచయిత ఆమెను కల్పించెను. చూచిన స్త్రీలలో ననేకులు ఆమెనే ఆదర్శముగా గొనిరని పిదప పరిశోధకులు కనుగొనిరి. ఓర్పును మనమెంత పూజించుదుమో దీనిబట్టి తెలియును. కథను వదలివేసిన చాలదు, కథను గూర్చి మాటలాడువారు ప్రక్కన నుండవలెను. అశోక్ కుమార్ ఉండియు ఇట్లైనదనిన, ఎవ్వరును లేని మన సీరియళ్ళ సంగతి చెప్పనేల?

మనోవ్యాధిని గూర్చి నేరుగా కథ నడపినవారును కలరు. ఇంగ్లండులో 1985 నుండి వచ్చుచున్న 'ఈస్ట్ఎండర్స్' అను వీథికథలో 1996లో జో విక్స్ అను కుఱ్ఱవానికి స్కిజోఫ్రీనియా వచ్చినట్లు చూపిరి. వాడు హంతకుడు కాడు, నవ్వులబొమ్మయు కాడు, జబ్బు పడిన కొడుకు మాత్రమే. తరువాత 2009లో అదే కథలో స్టేసీ అను యువతికి, ఆమె తల్లికి వలెనే, ఉన్మాదమును కుంగుబాటును మార్చి మార్చి వచ్చు వ్యాధి కలదని చూపిరి. తల్లి జబ్బును చూచుకొన్న కూతురు తానును అదే జబ్బునపడుట ఎంత భయంకరమో ఆ కథలో ప్రేక్షకులు చూచిరి. అమెరికాలో లాస్ ఏంజిలిసు నగరమున స్పానిషు మాటలాడు వలసకుటుంబములకై కుంగుబాటును గూర్చి ఒక బొమ్మలకథపుస్తకమునే పరిశోధకులు వేయించిరి. వారి స్త్రీలు తెరకథలకు అలవాటుపడినవారు కావున, అదే తీరున పొరుగింటి యిల్లాలు, కన్నీరు, గుట్టు, డాక్టరు, అన్నియు పెట్టిరి. డాక్టరు వ్రాసిన కరపత్రమును పారవైచువారు సైతము అటువంటి కథను తుదివరకు చదువుదురు.

ఇన్ని దేశములు తిరుగనేల, మన తెలుగుసీమలోనే పశ్చిమగోదావరి జిల్లా పల్లెలలో 2014 తరువాతి సంవత్సరములలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అను పరిశోధనసంస్థవారు ఇట్టి ప్రయత్నము చేసిరి. ఆశా కార్యకర్తల చేతికి చిన్న యంత్రములిచ్చి ఇంటింట ప్రశ్నలడిగించిరి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యులకు శిక్షణ యిచ్చిరి. దానికి ముందుగా జనుల సిగ్గును పోగొట్టుటకై కరపత్రములు పంచిరి, గోడపత్రికలు అంటించిరి, నాటకము ప్రదర్శించిరి, జబ్బుపడి కోలుకొన్న మనిషిచేత తన సంగతి తానే చెప్పించిరి. పిమ్మట పల్లెవారిని అడుగగా, తమకు మేలుచేసినవి నాటకమును, ఆ మనిషి మాటయుననిరి. మాకిందులో ఆశ్చర్యము లేదు. గోడపత్రికతో ఎవరు మాటలాడుదురు?

మన సీరియళ్ళను ఇంతగా పొగడుచున్నామని తలపకుడు. వానియందు మాకున్న కోపము చిన్నది గాదు. మన తెరకథలలో మతి తప్పుట ఒక యుక్తి మాత్రమే. ఆస్తి కాజేయుటకు మంచి కోడలికి పిచ్చి మందు పెట్టుదురు, తుదిని దుష్టురాలికి శిక్షగా పిచ్చి పట్టించుదురు. పిచ్చాసుపత్రి యనిన సంకెళ్ళును చీకటిగదియునే చూపుదురు. 2017లో చేయబడి 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్యరక్షణ చట్టము రోగిని సంకెలతో బంధించుటను నిషేధించినది. ఆ సంగతి కథలు వ్రాయువారికి తెలిసినట్లు లేదు. మఱియొకటి ఇంకను ప్రమాదకరము. ప్రాణము తీసికొనుటను వివరముగా, పాటతో, కన్నీటితో చూపుదురు. అట్టి ఘట్టములు అప్పటికే కుంగియున్నవారిని ఆ దారికే లాగవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరించి, 2019లో చలనచిత్రములు, నాటకములు తీయువారికై ఒక మార్గదర్శిని సైతము ప్రకటించినది. ఎట్లు చచ్చెనో చూపుటకంటె, ఆ రాత్రిని ఎట్లు దాటెనో చూపుడని దాని సారము. మన యింట అట్టి ఘట్టము వచ్చినప్పుడు, చూచువారిలో దిగులుపడినవారున్నచో, తెరను ఆర్పివేసి మాటలు కలుపుట మంచిది.

వలసపోయినవారికిది మఱింత ముఖ్యమని మేమేల అనుచున్నామో చెప్పెదము. వారికిని మనకును మిగిలిన బంధము చేతిలోని ఫోను. రాత్రిపూట ఇమోలో ముఖములు చూచుకొందుము. "బాగుండావా?" "బాగుండా." అక్కడివారు ఇక్కడివారికి దిగులు పెట్టరాదని నవ్వుదురు, ఇక్కడివారును అట్లే. రెండువైపులను అబద్ధములే, రెండును ప్రేమచేత చెప్పినవే. ప్రభుత్వపు తనిఖీ అవసరమైన పాసుపోర్టుతో ముప్పదియేండ్లు నిండని స్త్రీలు గల్ఫుదేశములకు ఇంటిపనికి పోరాదని నియమము కలదు. కావున సక్రమముగా పోవువారు సాధారణముగా బిడ్డల తల్లులే. తమ బిడ్డలను అవ్వలకు అప్పగించి పరుల బిడ్డలను పెంచుదురు. అమెరికాకు భర్తవెంట పోయిన చదువుకొన్న పిల్లల బాధ వేఱు విధము. అట్టి భార్యలకు 2015 వరకు ఉద్యోగము చేయుటకు వీలులేకుండెను. ఆ యేట కొందఱికి మాత్రము అనుమతి లభించినది. ఇంజనీరింగు చదివి నాలుగుగోడలనడుమ మంచు చూచుచు కూర్చున్న పిల్ల తల్లితో, "కారుంది, ఇల్లుంది, నాకేమమ్మా" అని చెప్పును. కాని అదే రాత్రి ఆ తల్లియు ఆ కూతురును చూచునది ఒకే తెలుగు సీరియలు! ఇద్దఱికిని తెలిసిన పొరుగింటివారు ఆ కథలోనివారే. దానినేల వాడుకొనరాదు?

వాడుకొను విధము కష్టము కాదు. "నిన్నటి సీరియల్ చూస్తివా అమ్మీ? ఆ పిల్ల రాత్రిళ్ళు నిద్రపోకుండ యాల ఏడుస్తాందంటావు?" అని అడిగి ఊరకుండవలెను. ఊరకుండుటయే ఇందులో కష్టమైన భాగము. మనకు వెంటనే "అన్నీ సర్దుకుంటాయిలే" యను మాట నోటికి వచ్చును. అది తలుపు తెఱచినవారి మొగముమీదనే మరల మూసినట్లుండును. అవతలివారు తమ మాట ఎత్తినచో ఎన్నాళ్ళనుండి, నిద్ర యెట్లున్నది, తిండి యెట్లున్నదని మెల్లగా అడుగవచ్చును. బ్రతుకు వద్దనిపించుచున్నదా యని సైతము సూటిగా అడుగవచ్చును. అట్లడుగుటచేత లేని తలంపు పుట్టునని మనకొక భయము కలదు, అది నిజము గాదని వైద్యులు చెప్పుచున్నారు. అడిగినందువలన బరువు దిగునేగాని పెరుగదు.

అయితే మాట బయటపడిన తరువాత ఎచ్చటికి పోవలెను? ఇచ్చటనే చాలమంది ఆగిపోవుదురు. బెంగుళూరిలోని నిమ్హాన్స్ వారు 2015–16లో పండ్రెండు రాష్ట్రములలో విచారించి, పెద్దవారిలో నూటికి 10.6 మందికి ఏదో యొక మనోవ్యాధి కలదనియు, వారిలో నూటికి ఎనుబదిమందికి పైగా చికిత్స అందుటలేదనియు చెప్పిరి. ఆ నిమ్హాన్స్ వారే మా పొరుగున బళ్ళారిజిల్లాలో 1985 ప్రాంతమున, పల్లెలోని సామాన్యవైద్యునిచేతనే మనోవ్యాధులకు మందిప్పించు పద్ధతిని పరీక్షించి చూచిరి. 1996 నుండి దేశమున జిల్లాకార్యక్రమముగా క్రమముగా వ్యాపింపజేసినది దానినే. గుంతకల్లు దాటిన బళ్ళారియే, అయినను ఈ సంగతి మా ఊరిలో ఎందఱికి తెలియును? కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మనోవ్యాధుల విభాగము కలదు. 2022 అక్టోబరు 10వ తేదీన ఆరంభమైన టెలీ మానస్ అను ప్రభుత్వసేవకు 14416 అను అంకెకు ఫోను చేసిన, రాత్రియైనను పగలైనను తెలుగులో మాటలాడువారు దొరకుదురు, రుసుము లేదు. ఫోను చేయుటకు పిచ్చి పట్టియుండనక్కఱలేదు. నిద్ర పట్టకున్నను చాలును.

మా వీథి యిల్లాలి కథను నడుమ విడిచితిమి. ఆమె వదినెగారితో కలిసి కర్నూలు పోయినది. వైద్యుడు మందు వ్రాసియిచ్చి, అది పనిచేయుటకు రెండుమూడు వారములు పట్టుననియు, తేరుకొన్నట్లు తోచినంతనే మానరాదనియు చెప్పెనట. పదియవ దినముననే ఇంటివారు, "గుణము లేదు, మానివేయుము" అనిరి. మేమందఱము పోయి గట్టిగా కూర్చుంటిమి. మూడవ వారమున ఆమెకు నిద్ర పట్టినది.

ఇన్నాళ్ళును కువైత్తు యజమానులు ఆమెను కొట్టిరేమో, మఱియేమి చేసిరోయని ఇంటివారు లోలోపల భయపడి అడుగక ఊరకుండిరి. సంగతి అది గాదు. ఆ యింట ఒక పసిపాప ఉండెను. నెలల బిడ్డనాటినుండి నాలుగేండ్లు ఈమె చేతిలోనే పెరిగినది, ఈమె ప్రక్కలోనే నిదురించినది, తెలుగున "అమ్మ" యని పిలిచినది. విమానము ఎక్కునాడు ఆ బిడ్డ నిదురలో ఉండగా వచ్చివేయుమనిరి. కన్నకూతురిని నాలుగేండ్లు విడిచిపోయిన తల్లి, పరుల బిడ్డకై బెంగపెట్టుకొన్నానని ఆ కూతురి యెదుట ఏ ముఖముతో చెప్పగలదు? ఇదంతయు ఆమె మాకు చెప్పినది మరల సీరియలు నడుమనే, తెరమీది కోడలు తన బిడ్డను మొదటిసారి ఎత్తుకొన్న రాత్రి. కూతురును అచ్చటనే ఉన్నది. పదునాఱేండ్ల పిల్ల. కొంతసేపు ఏమియు అనలేదు. ప్రకటనలు వచ్చువేళ తల్లి ప్రక్కకు జరిగి కూర్చుండి, "ఆ పాప పేరేందిమా?" అని అడిగినది.